నెలలు గడిచినా వదలని మడమ నొప్పి: కాలితో పాటు మనసునూ ఎలా చూసుకోవాలి

మడమ నొప్పి అని వెళ్తే ఎక్స్‌రే రాస్తారు, యూరిక్ యాసిడ్ టెస్ట్ రాస్తారు, ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కొనుక్కోమంటారు, వారానికో పది రోజులకో నొప్పి బిళ్ళలిస్తారు. రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఏమైనా టెన్షన్ ఉందా, ఈ మధ్య దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అని దాదాపు ఎవరూ అడగరు. ఎవరైనా అడిగినా మనకు ఒళ్ళు మండుతుంది, కాలు నొప్పని వస్తే మనసు గురించి అడుగుతాడేంటి, నేను నటిస్తున్నానని అనుమానమా అని. అలా వాళ్ళు అడగక, మనం చెప్పక, సగం వైద్యంతోనే నెలలు గడిచిపోతాయి.

అరికాలి మడమ దగ్గర నొప్పి 3 నెలలు దాటినా వదలనివాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మీ చీటీ మీద ప్లాంటార్ ఫాసియైటిస్ అని రాసుండొచ్చు. చీలమండ ఎప్పుడో బెణికి, వాపు తగ్గి, అయినా ఆ కాలు ధైర్యంగా మోపలేకపోతున్నవాళ్ళకీ ఇందులో పనికొచ్చేది ఉంది. నొప్పి మొదలై వారమే అయితే ఇంత దూరం ఆలోచించక్కర్లేదు, కాస్త రెస్టు, మంచి చెప్పులు చాలు.

ఒకటి మాత్రం ముందే తేల్చేద్దాం. నొప్పి మీద మనసు ప్రభావం ఉందంటే నొప్పి అబద్ధమని కాదు. "అంతా నీ భ్రమే" అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. అలాగే "ఇది ఒట్టి కాలి సమస్యే, మిగతావన్నీ సోది" అనేవాళ్ళ మాట కూడా.

మనసు సంగతికి ముందు ఇవి చూసుకోండి

కాలు బెణికాక నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండకు అటూ ఇటూ ఉండే ఎముక గుబ్బల వెనక అంచు మీద వేలితో నొక్కితే ప్రాణం లేచిపోతున్నా ఎక్స్‌రే తీయించాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, అది లోపల రక్తం గడ్డకట్టడం కావచ్చు. కాలు ఎర్రబడి జ్వరం రావడం, కాలు కదపకుండా పడుకున్నా నొప్పి నిద్ర లేపేయడం కూడా ఆలస్యం చేసేవి కావు. వయసు 40 లోపు, రెండు మడమలూ నొప్పి, పొద్దున లేచాక నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటోందంటే రుమటాలజిస్టును (కీళ్ళవాతం డాక్టర్ను) కలవండి. అది వేరే జబ్బు కావచ్చు, దానికి వేరే మందులున్నాయి.

షుగర్ ఉండి అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు ఉంటే అది చాలావరకు నరాల సంగతి. అలాంటివాళ్ళు వేడినీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టే చిట్కా జోలికి వెళ్ళొద్దు, స్పర్శ తగ్గిన కాలికి నీళ్ళు కాలుతున్నాయని తెలియదు, బొబ్బలెక్కాక చూసుకుంటారు. బీ12, డీ విటమిన్, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది, ఎందుకంటే వీటిలో తేడా ఉంటే ఒళ్ళు నొప్పులు, నీరసం, దిగులు కలిసే రావచ్చు, అప్పుడు ఎంత ధైర్యం చెప్పుకున్నా లాభం ఉండదు.

అసలు కాలికీ మనసుకీ లింకేంటి

గొడవ మొదలయ్యేది మడమ దగ్గరే, కానీ అది మనకు ఎంత గట్టిగా తెలియాలో తేల్చేది వెన్నుపాము, మెదడు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలను హెచ్చించే, తగ్గించే గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, దాన్ని మెదడు పైనుంచి తిప్పగలదనీ ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత చాలా మార్పులొచ్చాయి కానీ మూల ఆలోచన నిలబడింది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం కూడా నొప్పి అంటే శరీరానికి తెలిసేది, మనసుకు తెలిసేది రెండూ కలిసిన అనుభవమనే చెబుతోంది.

నిద్ర చాలకపోతే, లేదా అప్పు, ఉద్యోగం, పిల్లల చదువు లాంటి గుబులు రోజంతా తొలుస్తుంటే, నరాల వ్యవస్థ చిన్న సంకేతానికే ఉలిక్కిపడే స్థితికి వస్తుంది. దొంగ పడిన వీధిలో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది కదా, అలా. మడమలో ఉన్న ఇబ్బంది నిన్నా ఈరోజూ ఒకటే అయినా ఈరోజు రెట్టింపు నొప్పి తెలియడానికి ఇది ఒక కారణం.

అటు నుంచి ఇటు కూడా నడుస్తుంది కథ. నొప్పి వల్ల పొద్దున వాకింగ్ మానేస్తారు, దాంతో పాటు పార్కులో నలుగురితో చెప్పుకునే కబుర్లూ పోతాయి, పెళ్ళికి వెళ్తే గంటలు నిలబడాలని పెళ్ళిళ్ళు మానేస్తారు, కదలిక తగ్గి బరువు పెరుగుతుంది, ఆ పెరిగిన బరువంతా వచ్చి పడేది మళ్ళీ ఆ మడమ మీదే. ఆస్ట్రేలియాలో లా ట్రోబ్ యూనివర్సిటీ పరిశోధకులు మడమ నొప్పి ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉన్నవాళ్ళలో దిగులు, ఆందోళన, ఒత్తిడి ఎక్కువగా కనిపించాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది అలాంటి పోలికతో తేలదు. మనకు తేలాల్సిన అవసరం కూడా లేదు, ఎలాగూ రెండు వైపుల నుంచీ ఒకేసారి మొదలుపెడతాం కాబట్టి.

రెండు వారాలు రాసి చూడండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్లో రాసుకున్నా సరే. మంచం దిగి మొదటి అడుగు వేసినప్పటి నొప్పికి 0 నుంచి 10లో ఒక అంకె, రాత్రి పడుకునే ముందు ఇంకో అంకె. ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఆ రోజు మనసు ఎలా ఉంది, ఒక్క మాటలో: కంగారు, చిరాకు, దిగులు, బాగుంది, ఏదైతే అది. ఎంతసేపు నిలబడ్డారు, ఎంత నడిచారు. చివర్లో ఆ రోజు జరిగిన ముఖ్యమైన విషయం ఒక లైను, "అత్తగారికి స్కానింగ్", "మేనేజర్‌తో గొడవ", "బోనాలకి ఊరెళ్ళాం" ఇలా.

రెండు నిమిషాల పని. గంట గంటకూ మాత్రం రాయకండి, అలా చేస్తే మనసంతా మడమ మీదే ఉండి నొప్పి ఇంకా పెరిగినట్టుంటుంది. 14 రోజులయ్యాక తీరిగ్గా కూర్చుని వెనక్కి తిప్పండి. కొందరికి ఎక్కువ నడిచిన మర్నాడు నొప్పి పెరిగినట్టు తేలుతుంది, అది కాలి వైపు లెక్క. కొందరికి నడక పెద్దగా లేని రోజుల్లోనే, నిద్ర పట్టని రాత్రి తర్వాతో ఇంట్లో మాటా మాటా పెరిగిన తర్వాతో అంకె ఎగబాకినట్టు కనిపిస్తుంది. చాలామందికి రెండూ కలగలిసి ఉంటాయి. మీకు దేని వాటా ఎక్కువుందో తెలిస్తే మొదటి నెల దేని మీద ఎక్కువ కష్టపడాలో తెలుస్తుంది. డాక్టర్ దగ్గరకు ఈ కాగితం పట్టుకెళ్తే పది నిమిషాలు వివరించే బదులు అర నిమిషంలో అర్థమవుతుంది, ఓపీలో మనకు దొరికే టైమెంతో తెలిసిందే కదా.

"మడమ ఎముక పెరిగింది" అన్నారా

ఈ ఒక్క మాట చేసే నష్టం అంతా ఇంతా కాదు. ఎక్స్‌రేలో మడమ కింద కొక్కెంలా కనబడే ఎముకను చూపించి "చూశారా, పెరిగింది" అనగానే మనకు ప్రతి అడుగులో అది లోపల గుచ్చుకుంటున్నట్టే ఉంటుంది. నిజానికి ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళలో కూడా ఆ స్పర్ చాలామందికి ఉంటుంది, అది ఉండగానే నొప్పి పూర్తిగా తగ్గిపోయేవాళ్ళూ బోలెడుమంది. అసలు సమస్య ఎక్కువగా మడమ నుంచి వేళ్ళ దాకా పరుచుకున్న గట్టి పట్టీ మొదట్లో ఉంటుంది. ప్లాంటార్ ఫాసియైటిస్ అన్న పేరులో వాపు అన్న అర్థం ఉన్నా, పాతబడిన నొప్పిలో అక్కడ వాపు కంటే అరుగుదలే ఎక్కువ కనిపించిందని 2003లో ఒక పరిశోధన చూపించింది. అరిగిన పట్టీ మెల్లగా, కొలతగా బరువు మోపుతూ పోతే గట్టిపడుతుంది. నెలల తరబడి మంచం మీద ఉంటే గట్టిపడదు.

భయాన్ని ఎదుర్కోవడానికి ఒక పద్ధతి. నొప్పి ఎక్కువైనప్పుడు మీ మనసులో తిరిగే వాక్యం ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. "ఇంక నేను జీవితంలో సరిగ్గా నడవలేను." "నడిస్తే ఎముక ఇంకా పెరుగుతుంది." "రేపు పిల్లల్ని ఎవరు చూస్తారు." దాని కింద, మీ స్నేహితురాలో తమ్ముడో ఇదే మాట అంటే మీరేం చెబుతారో అది రాయండి. అంతా బాగైపోతుందని కాదు, నిజంగా తెలిసిన సంగతే రాయండి: ఈ నొప్పి ఎక్కువమందికి ఏడాది లోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, నిన్న సాయంత్రం నేను కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళొచ్చాను, పొద్దున 7 ఉన్న నొప్పి మధ్యాహ్నానికి 3 అయింది. చిన్నపిల్లల ఆటలా అనిపించొచ్చు, కానీ నొప్పిని గురించి ఘోరంగా ఊహించుకునే అలవాటు ఎంత ఎక్కువుంటే నొప్పి అంత ఎక్కువగా ఇబ్బంది పెడుతుందన్నది నొప్పి పరిశోధనలో పదే పదే తేలిన విషయం. ఆ అలవాటును కొలవడానికి 1995లోనే 13 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు, ఇప్పటికీ నొప్పి క్లినిక్కుల్లో వాడుతున్నారు.

ఇప్పుడు కాలి పని

మంచం దిగక ముందే మొదలుపెట్టండి. కూర్చుని నొప్పి కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, చేత్తో కాలివేళ్ళను మీ వైపు వెనక్కి లాగండి, అరికాలి కింద పట్టీ తాడులా బిగుసుకున్నట్టు వేలికి తగలాలి. 10 సెకన్లు ఉంచి వదలండి, ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. మొదటి పూట మాత్రం తప్పకుండా మొదటి అడుగుకు ముందే. ఆ మొదటి అడుగు భయమే రోజంతటి మూడ్‌ను పాడుచేస్తుంది చాలామందికి, కాబట్టి అది తేలికైతే మనసుకు వచ్చే ఊరట మీరే చూస్తారు.

బలం పెంచే ఎక్సర్‌సైజు డెన్మార్క్ పరిశోధకులది. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ళ కింద చుట్టిన టవల్ పెట్టి, రెయిలింగ్ పట్టుకుని, 3 సెకన్లలో మడమ పైకి లేపండి, 2 సెకన్లు ఆగండి, 3 సెకన్లలో కిందికి దించండి. రోజు విడిచి రోజు. వాళ్ళు ఒంటికాలి మీద 12 సార్లతో మూడు విడతలు చేయించారు, తర్వాత వీపున పుస్తకాల బ్యాగుతో బరువు పెంచుతూ పోయారు. మన దగ్గర మొదటిసారే ఒంటికాలి మీద చేయగలిగేవాళ్ళు తక్కువ, రెండు కాళ్ళ మీద మొదలుపెట్టండి, సిగ్గేం లేదు. 3 నెలలప్పుడు చూస్తే ఇది ఒట్టి స్ట్రెచింగ్ కంటే మెరుగ్గా పనిచేసింది, ఏడాదికి మాత్రం రెండు బృందాలూ సమానమయ్యాయి. అంటే ఏది ఓపిగ్గా చేయగలరో అదే చేయండి.

చేసేటప్పుడు నొప్పి వస్తుంది. ఎంత వస్తే పర్లేదు? ఫిజియోలు వాడే కొలత ఇది: చేస్తున్నప్పుడు 10లో 5 దాకా రావొచ్చు, కానీ మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే తర్వాతిసారి తగ్గించండి, మానేయొద్దు. ఈ ఒక్క నియమం తెలిస్తే సగం భయం పోతుంది, ఎందుకంటే నొప్పి వచ్చినప్పుడల్లా ఏదో తెగిపోయిందనుకోవాల్సిన పని ఉండదు.

మనవాళ్ళు ఎక్కువగా బోర్లా పడేది ఇంకోచోట. కాస్త తగ్గిన రోజున పేరుకుపోయిన పనంతా, ఇల్లు కడగడం, బట్టలు, మార్కెట్, చుట్టాల ఇల్లు, అన్నీ ఒకేరోజు చేసేసి, తర్వాత మూడు రోజులు మంచం మీద పడి ఏడుస్తారు. బాగున్న రోజు కూడా కొంచెమే చేయండి, బాగోలేని రోజు కూడా కొంచెం చేయండి. నడక 10 నిమిషాలతో హాయిగా జరుగుతుంటే ప్రతి వారం ఓ రెండు నిమిషాలు కలపండి, అంతే. అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కుందంటే ఆ 3,500 పైచిలుకు మెట్లను తలచుకుని కుంగిపోవద్దు, మీ అపార్ట్‌మెంట్లో ఒక అంతస్తుతో మొదలుపెట్టి తర్వాతి ఏడాదికి ప్లాన్ చేసుకోండి, దేవుడు ఎక్కడికీ పోడు.

చీలమండ బెణికినవాళ్ళ కష్టం ఎక్కువగా భయంతోనే. వాపు తగ్గి, ఎక్స్‌రే బాగుండి, అయినా గతుకుల రోడ్డు చూస్తే గుండె జారుతుంది, బైక్ ఆపి ఆ కాలు కింద పెట్టాలంటే వణుకు. మీరు తప్పించుకుంటున్న పనులన్నీ రాసి, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం వరకు వరస పెట్టండి. పళ్ళు తోముకుంటూ గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలడం, ఇసుకలో నడవడం, చివరికి బ్యాడ్మింటన్. ఒకటి విసుగొచ్చేంత మామూలైపోయాకే తర్వాతిదానికి వెళ్ళండి. ఒంటికాలి బ్యాలెన్స్ ఉత్తి ధైర్యం కోసమే కాదు, మళ్ళీ బెణకడాన్ని తగ్గిస్తుంది కూడా.

నిద్ర, ఊపిరి, నలుగురు మనుషులు

రాత్రి పన్నెండింటికి మంచం మీద పడుకుని మడమ నొప్పి వీడియోలు చూడటం ఈ రోజే మానండి, ఇది మాత్రం ఖరాఖండిగా చెబుతున్నా. ఒక వీడియో గోరువెచ్చటి ఆముదం అంటుంది, ఇంకోటి మీ కిడ్నీలు పాడైపోయాయంటుంది, మీకు తెల్లారేదాకా నిద్ర ఉండదు. లేచే టైమ్ ఒకటే పెట్టుకోండి, సెలవు రోజైనా సరే. పడుకునే ముందు 5 నిమిషాలు పొట్ట కదిలేలా ఊపిరి: 4 లెక్కపెడుతూ లోపలికి, 6 లెక్కపెడుతూ బయటికి. పిక్కలు, దవడ, భుజాలు బిగబట్టి ఉన్నాయేమో చూసి వదలండి. ప్రాణాయామం అలవాటున్నవాళ్ళకు ఇది కొత్తేం కాదు.

నడవలేని రోజుల్లో కూడా ఒళ్ళు కదలాలి. సైకిల్, ఈత, కుర్చీలో కూర్చుని చేతుల ఎక్సర్‌సైజులు, ఏదైనా. వాకింగ్ ఫ్రెండ్స్‌ను వదులుకోకండి, వాళ్ళు రెండు రౌండ్లు కొట్టేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత టీ దగ్గర కలవండి.

ఇంట్లో కాళ్ళకు చెప్పులుండాలి. మార్బుల్, గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్ళతో రోజంతా తిరిగితే మడమకు ఎటూ ఊరట దొరకదు. ఇంట్లో చెప్పులేంటని పెద్దవాళ్ళు గొణిగితే, ఇంటికి మాత్రమే ఒక మెత్తటి జత విడిగా కొన్నానని చెప్పండి, బయటికి వేయరు కాబట్టి గొడవ సద్దుమణుగుతుంది. పూజగదిలో ఎలాగూ ఓ పది నిమిషాలే.

ఇంట్లోవాళ్ళకు సాయం ఎలా చేయాలో చెప్పాల్సింది కూడా మీరే. గంటకోసారి "తగ్గిందా" అని అడిగితే నొప్పి గుర్తుచేసినట్టవుతుంది, అన్ని పనులూ లాక్కుని కూర్చోబెడితే పనికిరానిదాన్నైపోయానన్న దిగులు. "నిలబడే వంట పని నువ్వు చూడు, కూర్చుని తరిగేది నేను చేస్తా" అని పని పేరుతో సహా అడగండి.

ఉద్యోగం రోజంతా నిలబడేదైతే ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి, చేయడమే కష్టం. బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకు ఊపిరి లెక్కపెట్టుకోమని చెప్పడం నాకే సిగ్గుగా ఉంటుంది. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపు ఉద్యోగులకు కూర్చునే సదుపాయం ఇవ్వాలని చట్టం సవరించారు, ఆ పోరాటం మొదలుపెట్టింది కేరళ బట్టల షాపుల ఆడవాళ్ళే. మీ దగ్గర స్టూలు అడిగే పరిస్థితి లేకపోతే డాక్టర్ చేత "గంటకు ఐదు నిమిషాలు కూర్చోవాలి" అని చీటీ మీద రాయించి ఇవ్వండి, నోటి మాట కంటే కాగితానికి కాస్త విలువుంటుంది.

దిగులుకు విడిగా వైద్యం ఎప్పుడు

రెండు ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉండటం ఎన్ని రోజులు? ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికి పైగా రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, మీకు డిప్రెషన్ ఉందని కాదు, చూపించుకోవాలని. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా స్కోరు లెక్కలు చూడకుండా అప్పుడే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

సైకియాట్రిస్టు దులోక్సెటిన్ లాంటిది రాస్తే కంగారుపడకండి, ఆ తరగతి మందులు దిగులు మీదా, కొన్ని రకాల దీర్ఘకాలపు నొప్పుల మీదా కూడా పనిచేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం, బాగుందని సడన్‌గా ఆపేయడం రెండూ వద్దు.

ఇంక ఇంజెక్షన్. మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉండొచ్చు, కానీ మళ్ళీ మళ్ళీ వేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది మెత్తటి కొవ్వు తగ్గిపోయే ప్రమాదం ఉన్నాయి. పెళ్ళి ఉందనో ప్రయాణం ఉందనో కంగారులో వేయించుకోకండి, 3 నెలల ఎక్సర్‌సైజు తర్వాత కూడా నొప్పిలో మార్పు లేకపోతే అప్పుడు ఆర్థోతో కూర్చుని మాట్లాడండి. మధ్యలో ఒకటి రెండుసార్లు నొప్పి ఎగదన్నడం మామూలే. అప్పుడు ఏం చేయాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి: ఎక్సర్‌సైజు సగానికి తగ్గింపు, నడక సగం, పొద్దున స్ట్రెచింగ్ యథాతథం, రాత్రి చేసే ఊపిరి రోజుకు రెండు పూటలు, ఎవరికి ఫోన్ చేస్తే మనసు తేలికపడుతుందో వాళ్ళ పేరు. వారం తర్వాత పాత కొలతకు మెల్లగా వెళ్ళండి. రెండు వారాలైనా దిగకపోతే నోట్‌బుక్ పట్టుకుని ఫిజియో దగ్గరకు.